రేడియోలో మన పాట – 4: "రచన: జానపదం"



పోయిన భాగం చదివి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే మాట రాశారు. "అన్నా, రేడియో పోతే పోయింది. ఇప్పుడు యూట్యూబ్‌ల మన పాటలే లక్షల మంది వింటున్నరు. ఇంకా ఆ పాత కథ ఎందుకు?" అని. అడగాల్సిన మాటే. 2011 నుంచి 2018 దాకా ఒక కమ్యూనిటీ రేడియోలో వారం వారం పల్లె పాటల కార్యక్రమం నడిపినవాణ్ణి నేను. వినేవాళ్లు రేడియో వదిలి ఫోనుకు మారిందంతా మైకు ముందు కూర్చునే చూశాను. అయినా ముందు పాత కథ చెప్పాలి.

1935లో నిజాం ప్రభుత్వం దక్కన్ రేడియోను చేతిలోకి తీసుకుంది. 1938లో మద్రాసు స్టేషన్, 1948 డిసెంబరులో విజయవాడ స్టేషన్ వచ్చాయి. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయ్యాడు, పదేళ్లు ఉన్నాడు. సినిమా పాట చవకబారుదని రేడియో నుంచి దాదాపు బయటికి నెట్టాడు. జనం ముల్లును సిలోన్ మీదికి తిప్పారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టింది. ఈ కథను అందరూ శాస్త్రీయ సంగీతానికీ సినిమా పాటకూ జరిగిన కొట్లాటగానే చెప్తారు. అందులో మన పేరు ఎక్కడా రాదు.

హార్మోనియం సంగతి చూడండి. 1940లో దాన్ని రేడియో నుంచి నిషేధించారు. గమకాలు పలకవు, పైగా పరాయి వాద్యం అన్నారు. 1971 దాకా ఆ పట్టు సడలలేదు. సంగీత పండితులు దీన్ని శ్రుతుల చర్చగా రాస్తారు. కానీ మన చిందు భాగోతం మేళానికి హార్మోనియం వెన్నెముక. పెట్టె లేకుండా చిందోళ్లు గజ్జె కట్టరు. ఢిల్లీలో పండితులు శ్రుతి గురించి తగువు పడితే ఇక్కడ ఒక మేళం మొత్తానికి స్టూడియో తలుపు మూసుకుంది. ఈ కోణంలో రాసినవాళ్లు నాకైతే కనబడలేదు.

మరి రేడియోలో జానపదం అసలే లేదా అంటే, ఉంది. వింజమూరి సీత, అనసూయ గార్లు మద్రాసు రేడియోలో పాడి పల్లె పాటకు మర్యాద తెచ్చారు. అనసూయ గారు ఎన్నో పాటలు సేకరించి స్వరపరిచారు. ఆ కష్టాన్ని తక్కువ చేయను. నా ప్రశ్న వేరు. నాట్లేసేటప్పుడు వంగిన నడుముతో పుట్టిన పాట స్టూడియోకు పోవాలంటే చదువుకున్న ఇంటి గొంతులోంచే ఎందుకు పోవాల్సొచ్చింది? పాట పోయింది, పాడిన మనిషి పొలంలోనే మిగిలింది.

వినడానికీ అదే కథ. పంచాయతీ రేడియో ఊరి నడుమ ఉండేది. మా నాయన చెప్పేవాడు: ఊరోళ్లు అరుగు మీద కూర్చుని వినేవాళ్లట, మా వాడోళ్లు కింద నిలబడి వినేవాళ్లట. ట్రాన్సిస్టర్ వచ్చాకనే రేడియో మా వాడకు నడిచొచ్చింది. ఆ తర్వాత టేప్ రికార్డర్. 1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. ఆ ఏళ్లలో మన పాట రేడియో గుమ్మం దగ్గర నిలబడలేదు, క్యాసెట్ ఎక్కి చేతులు మారుతూ పోయింది. క్యాసెట్ల గురించి విడిగా ఒక భాగం రాస్తాను.

1995లో సుప్రీంకోర్టు గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అయినా మామూలు జనానికి స్టేషన్ పెట్టుకునే అనుమతి రావడానికి 2006 దాకా ఆగాల్సొచ్చింది. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపింది దళిత ఆడవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ స్టూడియోలో కూర్చుని తమ యాసలో, తమ విత్తనాల గురించి, తమ పాటలతో మాట్లాడారు. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి టేపుల్లో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. నేను మైకు ముందుకు రావడానికి ధైర్యం వాళ్లను చూసి వచ్చిందే.

మా స్టేషన్‌కు వస్తాను. చిన్న ట్రాన్స్‌మిటర్, పదిహేను కిలోమీటర్లు దాటితే గరగర. వినేవాళ్లు ఎక్కువమంది బటన్ ఫోన్లవాళ్లు. ఆ ఫోన్‌లో ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా, అది గుచ్చితేనే ఎఫ్‌ఎం పలుకుతుంది. ఇటుక బట్టీల దగ్గర నుంచి, ఆటో స్టాండు నుంచి మిస్డ్ కాల్ వచ్చేది. తిరిగి చేస్తే ఫలానా అవ్వతో ఇంకో పాట పాడించమనేవాళ్లు.

దప్పు రికార్డింగు పెద్ద పని. దప్పును మంట మీద కాగబెడితేనే తోలు బిగిసి మోగుతుంది. స్టూడియోలో ఏసీ, మంట పెట్టనివ్వరు. బయట పార్కింగులో పాత పేపర్లు కాల్చి కాగబెట్టి ఉరుకులాడుతూ లోపలికి తెచ్చేవాళ్లం. రెండు పాటలకే మెత్తబడేది. మళ్లీ బయటికి. "ఫైబర్ దప్పు కొనుక్కోవచ్చుగా" అని ఒక ఇంజనీరు సలహా. దానికి మంట అక్కర్లేదు, నిజమే. సిర్రా పడ్డప్పుడు వచ్చే ఆ గుండె చప్పుడూ ఉండదు.

ఇంకో ముడి ఉంది. కమ్యూనిటీ రేడియోలో సొంత వార్తలు చెప్పకూడదని నిబంధన. ఊచకోత మీద కట్టిన పాట వస్తే పైనున్నవాళ్లు "ఇది వార్త కిందికి వస్తుందేమో" అని గొణిగేవాళ్లు. బతుకమ్మ పాటకు రాని అనుమానం దీనికెందుకు వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు.

ఒకసారి డెబ్బై దాటిన అవ్వ వచ్చి పాడింది. అయ్యాక లాగ్ షీట్ నింపుతున్నాను. "రచన" అన్న గడిలో ఆ స్టేషన్ అలవాటు ప్రకారం "జానపదం" అని రాయాలి. అవ్వ అడిగింది: "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" చెప్పాను. "ఇది మా అత్త కట్టిన పాట. జానపదమెవ్వలు?" అంది. ఆ రోజు గడిలో వాళ్ల అత్త పేరు రాశాను. అప్పటి నుంచి ప్రతి పాటకు ముందు పాడేవాళ్లు తమ పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ తామే చెప్పే పద్ధతి పెట్టాను. కార్యక్రమంలో రెండు నిమిషాలు పోతాయని విసుక్కున్నవాళ్లున్నారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఏడాది తిరక్కుండా మిస్డ్ కాల్స్ పల్చబడ్డాయి. కొత్త ఫోన్లు చాలావాటిలో ఎఫ్‌ఎం పలకదు. అది పెట్టమని కేంద్రం 2023లో ఫోన్ల కంపెనీలకు సూచన చేయాల్సొచ్చింది. కుర్రాళ్లు "అన్నా, ఆ పాట వాట్సాప్‌ల పెట్టు" అనసాగారు. పెట్టాను. మూడు నెలలకు మా అవ్వ పాటే డీజే బీటుతో పెళ్లి బరాత్‌లో నాకే వినబడింది. ముందున్న పేరు, ఊరు కత్తిరించేశారు.

దీన్ని పూర్తిగా నష్టం అని నేను అనను. స్టూడియో గుమ్మం తొక్కని పిల్లలు టిక్‌టాక్‌లో తమ వాకిట్లోంచే పాడారు, ఏ ఆడిషనూ అడ్డుపడలేదు. 2020 జూన్ 29న దాన్ని నిషేధించినప్పుడు నగరంలో కొందరు నవ్వుకున్నారు. పోయింది ఎవరి వేదికో వాళ్లకు పట్టలేదు. కానీ రాత్రంతా నడిచే జాంబపురాణం అరగంట రేడియోలోనే ఇరుకు పడింది. ముప్పై సెకన్ల రీల్‌లో దక్కలి కిన్నెరకు శ్రుతి సరిచేసుకునే వ్యవధి కూడా లేదు.

పేరొచ్చినా కూడు రాకపోవడం ఇంకో సంగతి. పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్య గారు 2021లో భీమ్లా నాయక్ పాటలో వినబడ్డారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన కూలిపనికి పోతున్న వీడియో వార్తయింది.

విద్యార్థులు ఒక చట్టం సంగతి రాసిపెట్టుకోండి. పాట ఎవరు కట్టారో తెలియకపోయినా, పాడినవాళ్లకు కాపీరైటు చట్టం 38వ సెక్షన్ కింద హక్కు ఉంది. 1994 సవరణ దాన్ని తెచ్చింది, ఇప్పుడది యాభై ఏళ్లు. పాడేవాళ్లను అడగకుండా రికార్డు చేసి అమ్ముకోవడం కుదరదు. "జానపదమే కదా, ఎవరిదీ కాదు" అని ఎవరైనా అంటే ఈ సెక్షన్ చూపించండి.

సెలవులకు ఊరికి పోయేవాళ్లు అవ్వలతో, తాతలతో పాడించండి. రికార్డు నొక్కగానే ముందు వాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఆ ముక్క పాట మధ్యలో కూడా ఒకసారి రావాలి, మొదట ఉంటే కత్తిరిస్తారు. ఫైలు ఒక ప్రతి పాడినవాళ్ల ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా వేసి రండి.

వచ్చే భాగం క్యాసెట్ల మీద. మీ ఇళ్లలో 85–95 మధ్య క్యాసెట్లు ఉంటే అట్ట ఫొటో తీసి పంపండి, టేపు బూజు పట్టినా పర్వాలేదు.

(ఇంకా ఉంది)