పాతకాలపు చెక్క ప్రొపెల్లర్ (గుర్తింపు, విలువ)

మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమాన ప్రొపెల్లర్లు ఐరోపా, అమెరికాల్లో చాలా ఇళ్లకు వారసత్వంగా వచ్చాయి. వాటితోపాటు వచ్చే కుటుంబ కథనాలు తరచు పేరుమోసిన యుద్ధవిమానాల చుట్టూ అల్లుకుంటాయి. కథనానికీ హబ్ (ప్రొపెల్లర్ మధ్యభాగం) మీది ముద్రలకూ పొంతన లేనప్పుడు ముద్రలనే నమ్మడం మేలు.

నిర్మాణం

1903 నాటి రైట్ సోదరుల ప్రొపెల్లర్లు స్ప్రూస్ చెక్క పొరలను అతికించి చెక్కినవి. ఒక్కొక్కటి సుమారు ఎనిమిదిన్నర అడుగులు. 1909 జులై 25న బ్లేరియో ఇంగ్లిష్ ఛానల్ దాటిన విమానానికి లూసియన్ షోవియేర్ రూపొందించిన ‘ఇంటెగ్రాల్’ ప్రొపెల్లర్ అమర్చారు. యుద్ధకాలంలో అక్రోటు, మహాగని పలకలు ఎక్కువగా వాడారు. కొన్నింటి రెక్కల కొసలకు ఇత్తడి రేకు ఉంటుంది. ఆ రేకు చివర సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. చెక్కలో చేరిన తడి ప్రొపెల్లర్ తిరిగే వేగానికి వాటిలోంచి బయటికి పోయేది.

1920లలో సిల్వేనస్ రీడ్ డ్యూరాల్యూమిన్ (అల్యూమినియం మిశ్రలోహం) ప్రొపెల్లర్‌ను ప్రవేశపెట్టి 1925 కోలియర్ ట్రోఫీ పొందాడు. అయినా తేలికపాటి విమానాలకు చెక్కవి నేటికీ తయారవుతున్నాయి. కాబట్టి చెక్కదైనంత మాత్రాన యుద్ధకాలపుదని చెప్పలేం.

ముద్రలు

బ్రిటిష్ హబ్‌ల మీద సాధారణంగా డ్రాయింగ్ సంఖ్య, ఇంజిన్ పేరు, అశ్వశక్తి, కొన్నిసార్లు విమానం పేరు ఉంటాయి. ‘డి’ వ్యాసం, ‘పి’ పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగాల్సిన దూరం), రెండూ మిల్లీమీటర్లలో. తేదీ ఉంటే అది తయారీదో తనిఖీదో అయి ఉండవచ్చు, ఎగిరిన రోజుది మాత్రం కాదు. బెర్లిన్‌లో తయారైన ‘గరుడ’ ప్రొపెల్లర్లను పేరు చూసి భారతీయమని పొరబడరాదు.

బోల్టు రంధ్రాల చుట్టూ చెక్క నొక్కుకుపోయి ఉంటే దాన్ని ఎప్పుడో ఇంజిన్‌కు బిగించారన్నమాట. ఆ గుర్తే లేకపోతే అది వాడకుండా మిగిలిన సరుకు కావచ్చు. అమెరికన్ లిబర్టీ ఇంజిన్ ప్రొపెల్లర్లలో ఇలాంటివి చాలానే ఉన్నట్లు కనిపిస్తుంది.

హైదరాబాదు సంబంధం

బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు తొలి డి.హెచ్.9ఎ విమానాలను నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళంగా ఇచ్చాడు. ఆ సంగతి విమానాల మీదే రాయించారు. స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు వచ్చింది. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కి, బెర్లిన్, పోలండ్‌ల మీదుగా 1977లో లండన్‌లోని వాయుసేన మ్యూజియానికి దక్కింది. ఈ విమానాలది 400 అశ్వశక్తి లిబర్టీ ఇంజిన్. అదే ఇంజిన్ అమెరికన్ డి.హెచ్.4లకూ ఉండేది. అందువల్ల లిబర్టీ ముద్ర ఒక్కటే చూపి ‘నిజాం విమానానిది’ అనడం తగదు. విమాన సంఖ్యతో కూడిన పత్రమో, ఫొటోనో కావాలి.

విలువ

అరుదైన యుద్ధవిమానానిదై, అసలు వార్నిష్, తయారీదారు గుర్తు చెదరకుండా ఉన్నవాటికి ఎక్కువ ధర వస్తుంది. గడియారం బిగించడానికి హబ్ తొలిచినవాటికి సాధారణంగా తగ్గుతుంది. అలంకరణకు చేసిన నకళ్లలో తరచు రెక్క మెలిక సరిగా ఉండదు, బోల్టు రంధ్రాలు లోపిస్తాయి. గరుకు కాగితంతో రుద్ది కొత్త వార్నిష్ పూస్తే ముద్రలు అరిగి, చరిత్రా ధరా రెండూ పోతాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, పక్కవాటు వెలుతురులో హబ్‌ను అన్ని వైపుల నుంచి ఫొటో తీసి, ఆ తర్వాతే నిపుణుడికి చూపించాలి. వేడికి జిగురు వదిలి పొరలు విడిపోతాయి కనుక పొయ్యికీ, ఎండ పడే గోడకూ దూరంగా, అడ్డంగా ఉంచాలి. ఇంత పాతదాన్ని మళ్లీ ఇంజిన్‌కు బిగించి తిప్పడం ప్రాణాంతకం.