ఒపేరా గోష్ఠులు - రేడియో శ్రోతలు

ఒపేరా యనునది ఐరోపా ఖండమున పుట్టిన గేయనాటకము. పాత్రలు మాటలాడుటకు బదులు పాడుదురు. రంగస్థలమునకు ముందు, గోతివంటి చోట పెద్ద వాద్యబృందము కూర్చుండి వారి పాట ననుసరించును. యక్షగానమును, వీధిభాగవతమును ఎఱిగిన మన పెద్దలకు ఈ పద్ధతి వింతగా తోచదు. కాని యొక భేదము కలదు. భామాకలాపము చూడబోవు మన పల్లెవానికి సత్యభామ యెవరో, ఆమె యలుక యెందులకో ఎవరును ముందుగా చెప్పనక్కఱ లేదు. ఆ కథ అతనికి ఉగ్గుపాలతోనే వచ్చియుండును. అమెరికా దేశపు ప్రేక్షకునకు ఆ సౌకర్యము లేదు. అతని భాష ఇంగ్లీషు. రంగముమీది పాట ఇటలీ భాషయందో, జర్మను భాషయందో, ఫ్రెంచియందో సాగును. అందుచేత అచ్చట ఆటకు ముందు ఉపన్యాసము, అభిమానులు కూడి ముచ్చటించుకొనుటకు గోష్ఠి అవసరమయ్యెను. ఆ ఉపన్యాసములు, ఆ గోష్ఠులు న్యూయార్కు నగరమున ఒక గొప్ప నాటకశాల చేతులు మాఱుటకే తోడ్పడిన వృత్తాంతమును నేనిప్పుడు మనవి చేయుదును.

అంతకు ముందొక మాట. ఒపేరా పుట్టినదియే యొక గోష్ఠివలన. 16వ శతాబ్ది చివర ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున బార్డి యను ప్రభువు ఇంట కవులు, గాయకులు, పండితులు కూడి, ప్రాచీన గ్రీకులు తమ నాటకములను ఎట్లు పాడియుందురని చర్చించుచుండిరి. వారిలో విన్సెంజో గెలీలి యొకడు. దూరదర్శినితో ఆకాశమును శోధించిన గెలిలియోకు తండ్రి. పలువురు ఏకకాలమున వేర్వేఱు వరుసలు పాడినచో మాట మునిగిపోవుననియు, ఒక్క గొంతు పాడినప్పుడే భావము వినువాని మనస్సును తాకుననియు ఆయన 1581లో నొక గ్రంథమున వాదించెను. పిమ్మట కోర్సి యను మఱియొక ప్రభువు ప్రాపున 1598 ప్రాంతమున ‘డాఫ్నే’ యను తొలి ఒపేరా ప్రదర్శింపబడెను. దాని సంగీతము చాలవఱకు నశించినది. 1600లో ఫ్రాన్సు రాజుతో మరియా డి మెడిచికి జరిగిన వివాహోత్సవమున ఆడిన ‘యూరిడిచే’ మాత్రము నేటికిని నిలిచియున్నది. గ్రీకులెట్లు పాడిరో ఆ పండితులకు తెలియనే లేదు. తెలియనిదానిని గూర్చి యేండ్ల తరబడి వాదించి, అంతకు మున్ను లేనిదానిని లోకమునకిచ్చిరి! 1637లో వెనిసు నగరమున టిక్కెట్టు కొన్నవారినెల్ల రానిచ్చు శాల తెఱవబడువఱకు ఇది ప్రభుగృహముల వినోదముగానే యుండెను.

ఇక న్యూయార్కు. ఆ నగరమున పాత సంపన్న కుటుంబములవారికి ఒక ఒపేరా శాల యుండెను. అందు ప్రత్యేకాసనములకు బాక్సులని పేరు. అవి కొలదియే, కొత్తగా ధనికులైన వాండర్‌బిల్టు మొదలగువారికి అవి లభింపలేదు. పట్టుదల వచ్చి వారు తామే మెట్రోపాలిటన్ ఒపేరా శాలను కట్టించిరి. 1883 అక్టోబరు 22వ తేదీన గూనో రచించిన ‘ఫౌస్టు’తో దానిని తెఱచిరి. బాక్సుల వరుస గుఱ్ఱపు లాడమువలె వంగియుండుటచేతను, అందు కూర్చుండు స్త్రీల నగల తళతళచేతను దానికి ‘వజ్రాల లాడము’ అని పేరు వచ్చెను. కట్టడమునకు యజమానులు బాక్సులవారే. వారిలో పలువురు ఆలసించి వచ్చి, ఆట ముగియకమునుపే లేచిపోవుచుండిరి. పై యంతస్తున చవుక టిక్కెట్టు కొని నిలుచుండి వినువారే నిజమైన రసికులని నా యభిప్రాయము. కాని వారి మాట చెల్లు కాలమింకను రాలేదు.

1929లో అమెరికాలో వ్యాపారము కుప్పకూలెను. ధనికుల విరాళములు తగ్గెను. ప్రదర్శనల కాలమును కుదింపవలసి వచ్చెను. అట్టి యిక్కట్టులో 1931 డిసెంబరు 25వ తేదీన ‘హాన్సెలు - గ్రెటెలు’ అను ఒపేరాను ఆ శాలనుండి పూర్తిగా రేడియోలో వినిపించిరి. వ్యాఖ్యాతగా డీమ్సు టేలరు అను సంగీతకర్తను నియమించిరి. ఆయన గాయకులు పాడుచుండగనే కథ వివరింపజొచ్చెను. శ్రోతలకు కోపము వచ్చెను! వివరణము వలదని వారి భావము కాదు. పాటకు అడ్డు రావలదని వారి కోరిక. క్రమముగా వ్యాఖ్యానము అంకముల నడిమి విరామములకు తొలగెను. ఎప్పుడు మాటలాడవలెనో యెఱుగుట ఎంత ముఖ్యమో మన హరికథకులకు చెప్పనక్కఱ లేదు.

ఈ దశలో ఎలినార్ రాబ్సన్ బెల్మాంటు అను స్త్రీ ముందునకు వచ్చెను. ఆమె పుట్టుక ఇంగ్లండు; యౌవనమున ప్రసిద్ధ నటి. బెర్నార్డు షా ‘మేజర్ బార్బరా’ నాటకమును ఆమెను మనస్సున నిలుపుకొనియే రచించెను. 1910లో ధనికుని పెండ్లాడి రంగస్థలమును విడిచెను. 1924లో భర్త గతించెను. 1933లో ఆ శాల పాలకవర్గమున చేరిన తొలి స్త్రీ ఆమెయే. కొలదిమంది ధనికుల దయపై ఆధారపడుటకంటె, అనేకుల అభిమానముపై ఆధారపడుట మేలని ఆమె తలంచెను. 1935లో ఒపేరాభిమానుల సంఘమును స్థాపించెను. చందా కట్టినవారెల్లరు సభ్యులే. వారికి ఉపన్యాసములు, గాయకులతో విందు సమావేశములు ఏర్పఱచిరి. 1936లో ‘ఒపేరా న్యూస్’ పత్రిక పుట్టెను. 1937లో బడిపిల్లలకై ప్రత్యేక ప్రదర్శనలు మొదలయ్యెను. తేనీటి గిన్నె చేతబట్టుకొని సంగీతమును గూర్చి మాటలాడుటను పరిహసించువారు ఎల్లెడల నుందురు. కాని కథ తెలిసినవాడు మఱల వచ్చును. వచ్చినవాడు మఱియొకని తోడ్తెచ్చును. సంఘము బలమంతయు ఇందేయున్నది.

1940లో పరీక్ష వచ్చెను. బాక్సుల యజమానులు ఆ కట్టడమును విడిచిపెట్టదలచిరి. దానిని కొని నడపుటకు పది లక్షల డాలర్లు కావలసెను. ప్రసారముల విరామములయందే శ్రోతలకు విన్నపము చేసిరి. ఉత్తరములతో చిన్న చిన్న మొత్తములు రాసాగెను. నిధిలో ఇంచుమించు మూడవ వంతు రేడియో శ్రోతలే పంపిరి. వారిలో ఎందఱో ఆ శాలను కంట చూచినవారు కారు. ఆ విధముగా కట్టడము బాక్సులవారి చేతినుండి ప్రదర్శనలు నడపు సంస్థ చేతికి వచ్చెను. ఆ డిసెంబరునుండి టెక్సకో యను చమురు కంపెనీ ప్రసారముల వ్యయమును వహించి, 2004 వఱకు సాగించెను. విరామములలో శ్రోతలు పంపిన ప్రశ్నలకు పండితులు అప్పటికప్పుడు జవాబు చెప్పు గోష్ఠియు అప్పుడే మొదలయ్యెను. అవధానసభ నెఱిగిన మనకు దాని రుచి తెలియును. అయితే అచ్చట పృచ్ఛకుడు వందల మైళ్ల దూరమున తన యింట కూర్చుండును.

తలుపులన్నియు ఒక్కమాఱు తెఱచుకొనలేదు. శ్రోతల ధనముతో నిలిచిన ఆ రంగముమీద నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ పాత్రధారిణియై నిలుచుటకు 1955 జనవరి 7వ తేదీ రావలసి వచ్చెను. అప్పటి కామె వయస్సు ఏబది దాటినది. ఆమెకు ముందు ఆ జాతివారెవ్వరును అచ్చట ప్రధానపాత్ర ధరించి పాడియుండలేదు. ఈ పదునైదేండ్ల జాప్యమును నేను స్వల్పముగా నెంచజాలను.

1966లో సంస్థ కొత్త భవనమునకు మాఱెను; మఱుసటి యేడు పాత కట్టడమును పడగొట్టిరి. బెల్మాంటు 1979లో, నూఱేండ్లకు చేరువలో గతించెను. ఆమె స్థాపించిన సంఘము 2023లో ధనాభావమున తన స్వతంత్ర కార్యక్రమములను చాలించుకొనెను. పత్రికయు ఇంగ్లండు పత్రిక యొకదానిలో కలిసిపోయెను. శనివారపు ప్రసారములు మాత్రము సాగుచునే యున్నవి.