ఇంజిన్లు మారే చోట ఒక పుస్తకాల ఇల్లు

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. లండన్ నుంచి బ్రిస్టల్‌కు రైలుదారి వేయిస్తున్న ఇంజనీరు బ్రునెల్, ఇంజిన్ల బాధ్యత చూసే కుర్రవాడు డేనియల్ గూచ్ పొలాల మధ్య కూర్చుని భోంచేస్తున్నారట. చేతిలోని శాండ్‌విచ్‌ను విసిరి, అది పడిన చోటే కార్ఖానా కడదామని అనుకున్నారట. వినడానికి భలే ఉంటుంది. జరిగినది మాత్రం వేరు.

1840లో గూచ్‌కు ఇరవై నాలుగేళ్లు. అతన్ని వేధిస్తున్న చిక్కు ఒకటే. లండన్ నుంచి స్విండన్ దాకా నేల దాదాపు చదును, అక్కడి నుంచి బ్రిస్టల్ వైపు ఎగుడుదిగుళ్లు. చదును మీద పరుగుకు పెద్ద చక్రాల ఇంజిన్ బాగుంటుంది, ఎత్తు ఎక్కడానికి చిన్న చక్రాలది కావాలి. రెండింటినీ మార్చే చోటు ఎక్కడ? చెల్టెన్‌హామ్ వైపు శాఖ విడిపోయేదీ, బొగ్గు తెచ్చే కాలువ దగ్గరగా పారేదీ స్విండన్ దగ్గరే. ఆ సెప్టెంబరులో బ్రునెల్‌కు ఉత్తరం రాసి గూచ్ ఆ చోటే సూచించాడు. 1843 జనవరిలో కార్ఖానా తలుపులు తెరుచుకున్నాయి.

గుట్ట మీద పాత ఊరు సంతలతో తన పని తాను చూసుకుంటోంది. కింద మైదానంలో కొత్త ఊరు లేచింది, సుమారు మూడు వందల రాతి ఇళ్లతో. ఆ వీధుల పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది: లండన్, రీడింగ్, ఆక్స్‌ఫర్డ్, బాత్, బ్రిస్టల్, టాంటన్, ఎక్సెటర్. రైలు వెళ్లే ఊళ్లన్నీ ఆ వీధుల్లో కొలువున్నాయి.

ఆ ఇళ్లు కట్టడానికి రైల్వే కంపెనీ చేతిలో డబ్బు లేదు. రిగ్బీ అనే కాంట్రాక్టర్లు ముందుకొచ్చి స్టేషనూ ఇళ్లూ కట్టారు. బదులుగా ఫలహారశాలను తొంభై తొమ్మిదేళ్లకు పొందారు, దారిన పోయే ప్రతి రైలూ అక్కడ పది నిమిషాలు ఆగేటట్టు ఒప్పందం. కాఫీ ఎంత అధ్వాన్నంగా ఉండేదంటే, 1845లో బ్రునెలే అక్కడి నిర్వాహకుడికి ఉత్తరం రాశాడు, అక్కడ అసలు కాఫీ రుచి ఎరగనని. ఆ పది నిమిషాల బంధం తెంచుకోవడానికి కంపెనీకి 1895లో లక్ష పౌన్లు ఖర్చయ్యాయి.

రైలెక్కి పోయేవాడికి ఆ పది నిమిషాల చోటైనా ఉంది. ఆ ఊళ్లోనే బతికేవాడికి? స్కాట్లాండ్ నుంచీ ఉత్తర ఇంగ్లండ్ నుంచీ పనితనం ఉన్న ఫిట్టర్లు, కమ్మరులు వచ్చారు. ఒకరి యాస ఒకరికి అర్థమయ్యేది కాదు. పొద్దస్తమానం సుత్తి మోతలు, ఇనుప పొడి. సాయంత్రం చేతులు కడుక్కున్నాక వెళ్లడానికి సారా దుకాణం తప్ప మరో గడప లేదు. 1843లోనే కొందరు కార్మికులు పుస్తకాలు పోగేసి ఒకరికొకరు అరువిచ్చుకోవడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది అది మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ అయింది.

పేరైతే వచ్చింది, ఇల్లు రాలేదు. చందాలిచ్చే సభ్యులున్నారు, పుస్తకాలున్నాయి. ఉపన్యాసాలూ నాటకాలూ కార్ఖానాలోని ఒక షెడ్డులో, ఇనుప తుక్కు పక్కకు జరిపి జరుపుకోవాలి. పని పెరిగితే ఆ చోటూ పోతుంది. ఇంతలో 1847లో గడ్డుకాలం వచ్చింది. ఆర్డర్లు తగ్గి వందల మందిని తీసేశారు. పనిలో మిగిలినవాళ్లకూ జ్వరం వస్తే వైద్యుడి ఖర్చు భయమే. అప్పుడే జీతంలోంచి కొద్దికొద్దిగా తీసి వైద్య నిధి పెట్టుకున్నారు. వందేళ్ల తర్వాత బ్రిటన్ జాతీయ వైద్య సేవను నిర్మించినప్పుడు చూసుకున్న నమూనాల్లో ఇదీ ఒకటని చెబుతారు. కట్టడం మాట మాత్రం వెనక్కి పడింది.

దారి దొరికింది 1853లో. కంపెనీ ఇస్తుందని ఎదురు చూడటం మానేసి, న్యూ స్విండన్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అని ఒకదాన్ని పెట్టి వాటాలు అమ్మారు. ఊరి నడిబొడ్డున రైల్వే స్థలం కౌలుకు దొరికింది. 1854 మే 24న శంకుస్థాపన. వాస్తుశిల్పి ఎడ్వర్డ్ రాబర్ట్స్. 1855 మే 1న తలుపులు తెరిచారు. రాతి గోడల మధ్య గ్రంథాలయం, చదువుకునే గది, స్నానాల గదులు, పెద్ద హాలు. పక్కనే ఎనిమిది పలకల సంత. భార్య కూరగాయలు కొనుక్కుంటూంటే భర్త పుస్తకం మార్చుకుని రావచ్చు. ఎవరూ దానం ఇవ్వని ఆ ఇల్లు నాకందుకే ఎక్కువ ఇష్టం.

ఆ సంస్థే విహారయాత్రలు నడిపింది. 1849లో అయిదు వందల మంది ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. తర్వాత్తర్వాత జులై వస్తే ఊరికి ఊరే ఖాళీ. స్టేషనులో చోటు చాలక, తెల్లవారకముందే కార్ఖానా పట్టాల మీద నిలబడ్డ పెట్టెల్లోకి నిచ్చెన మెట్లెక్కి పిల్లా జెల్లా ఎక్కేవారు. ఆ వారం జీతం ఉండేది కాదు. అయినా వెళ్లేవారు, ఏడాదంతా కూడబెట్టుకుని.

ఈ ఊరి కార్ఖానాలో ఆల్ఫ్రెడ్ విలియమ్స్ అనే సుత్తి పనివాడు కూడా ఉండేవాడు. కొలిమి దగ్గర చాక్‌పీసుతో గ్రీకు అక్షరాలు రాసుకుంటూ నేర్చుకున్నాడు. తర్వాత సంస్కృతం పట్టాడు. అతడు ఇంగ్లీషులో చెప్పిన పంచతంత్ర కథలు 1930లో, అతను పోయాక అచ్చయ్యాయి. చిన్నయసూరి నీతిచంద్రిక చదివిన మనకు ఆ నక్కలూ ఎద్దులూ పాత నేస్తాలే.

అదే ఏడాది క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇన్‌స్టిట్యూషన్ హాలు తగలబడింది. రెండేళ్లలో మళ్లీ కట్టారు. 1986లో కార్ఖానా మూతపడింది, దానితోపాటు ఇన్‌స్టిట్యూషనూ. కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల్లో పెరిగినవారికి ‘ఇన్‌స్టిట్యూట్’ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు: సాయంత్రం క్యారమ్స్, పేపర్లు, పెళ్లి రిసెప్షన్లు. ఆ మాట పట్టాల వెంట మన దాకా వచ్చింది ఇలాంటి ఊళ్ల నుంచే. స్విండన్‌లో ఆ రాతి భవనం ఇప్పటికీ ఉంది, కిటికీలకు చెక్కలు బిగించి. చుట్టూ ఉన్న ఇళ్లలో ఇంకా దీపాలు వెలుగుతున్నాయి; ఎక్సెటర్ వీధిలో, టాంటన్ వీధిలో జనం ఇంకా కాపురం ఉంటున్నారు.