కుత్తాబ్ నుంచి సర్కారు బడి దాకా

మనం పనిచేస్తున్న ఈ దేశంలో సర్కారు బడికి వెళ్ళే ప్రతి పిల్లవాడూ మతపాఠం చదవాల్సిందే. ఇది మొదటి నుంచీ సర్కారు ఏర్పాటే అనుకుంటాం. కానీ ఈ చరిత్రలో మన దేశం వాళ్ళ చెయ్యి కూడా ఉంది.

పూర్వం ఇక్కడ చదువంటే కుత్తాబ్. మసీదులోనో, గురువు ఇంట్లోనో పిల్లలు కూర్చుని ఖురాన్ కంఠస్థం చేసేవారు, చదవడం, రాయడం నేర్చేవారు. మన పాత వీధిబడి లాంటిదన్నమాట.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు వాళ్ళకు చిక్కకుండా మక్కా చేరిన పండితుడు రహమతుల్లా కైరానవీ. 1870వ దశకంలో హజ్‌కు వచ్చిన బెంగాల్ సంపన్నురాలు సౌలతున్నిసా బేగం యాత్రికులకు సత్రం కట్టించాలనుకుంటే, సత్రం కన్నా బడి అవసరమని ఆయన నచ్చజెప్పారని అంటారు. ఆమె డబ్బుతో కట్టిన బడికి ఆమె పేరే పెట్టారు: మదరసా సౌలతియా. 1905లో ముహమ్మద్ అలీ జైనల్ అనే వర్తకుడు జెద్దాలో ఫలాహ్ బడి తెరిచారు. తర్వాత బొంబాయిలోనూ ఒకటి పెట్టారు.

సర్కారు 1926లో విద్యాశాఖ కార్యాలయం పెట్టింది. 1953లో మంత్రిత్వ శాఖ వచ్చింది. మొదటి మంత్రి, తర్వాత రాజైన ఫహద్. ఖురాన్, తౌహీద్, ఫిఖ్, హదీస్, తఫ్సీర్ వేరువేరు పాఠాలయ్యాయి. చెప్పడానికి పంతుళ్ళు చాలక ఈజిప్టు, సిరియాల నుంచి రప్పించారు. వాళ్ళూ మనలాగే పొట్ట చేతబట్టుకుని వచ్చినవారే.

1960లో ఆడపిల్లల బడులు మొదలయ్యాయి. పెద్దలకు నమ్మకం కలగాలని వాటిని మతపండితుల చేతికి అప్పగించారు. అయినా 1963లో బురైదాలో జనం అడ్డుపడ్డారు. బడి మాత్రం ఆగలేదు. 2002లో మక్కాలోని ఒక బడిలో మంటలు లేచి 15 మంది బాలికలు చనిపోయాక ఆ బడులను విద్యా మంత్రిత్వ శాఖలో కలిపేశారు.

2021లో మతపాఠాలన్నిటినీ కలిపి ఒకే సబ్జెక్టు చేశారు. అదే ఏడు ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు పెట్టారు. మతపాఠం పోలేదు, పుస్తకాలు తగ్గాయి. తమ యువకులు కంపెనీ ఉద్యోగాల్లో చేరాలన్నది సర్కారు పట్టుదల. ఆ పిల్లలు నేర్చే చదువు రేపు మన ఉద్యోగాల మీదా పడుతుంది.

సత్రమా, బడా అన్న ప్రశ్న మనకూ ఉంది. ఊళ్ళో ఇంటికి స్లాబు వేయించే ముందు పిల్లల ఫీజు కట్టామా అని ఒక్కసారి చూసుకుందాం.