సముద్రము దాటి వచ్చిన బడి



దూరదేశమున నున్న యొక కుటుంబము మన పల్లెపిల్లలకు ధర్మార్థముగా చదువు చెప్పించుట నేడు మనకు వింత గాదు. మా చిలకలూరిపేట చుట్టుపట్టుల నుండి సముద్రము దాటిపోయినవారు కొందరు తమ యూరిబడికి బల్లలు, పుస్తకములు పంపుచునే యున్నారు. కాని ఈ వ్యవహారము మన సీమలో మొదలయినది ఎదురుదిక్కు నుండి. నూటయెనుబది యేండ్ల క్రిందట అమెరికావారు గుంటూరునకును పలనాటికిని వచ్చి బడులు పెట్టిరి. ఆ బడులకు పైకము సముద్రమున కావలనుండి రావలెను. పైకము రాని రోజులును వచ్చినవి. అప్పుడు ఆ బడులు దేనిమీద నిలిచినవో విచారింపవలెనని చిరకాలముగా నాకొక కోరిక యున్నది.

ముందుగా నొక యపోహ తొలగవలెను. తెల్లవారు రాకమునుపు మనకు బడులే లేవనుట యబద్ధము. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో రాజధాని యంతటను బడుల లెక్క తీయుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. మరుసటి యేడు గుంటూరు నుండి పోయిన లెక్కలో ఈ జిల్లాయందు 574 బడులున్నట్లు గలదు. అవి గాక 171 చోట్ల 939 మంది విద్యార్థులు పండితుల యిండ్లలోనే మతగ్రంథములు, ధర్మశాస్త్రము, జ్యోతిషము చదువుచుండిరట. అరుగుమీద ఇసుక పోసి ఓనమాలు దిద్దించి, ఎక్కములు, అమరము వల్లె వేయించు పంతులు నాడు పెద్ద యూళ్ళలో నుండెడివాడు.

నేను ఆ సంప్రదాయమున బుట్టినవాడను. మా ముత్తాతగారు అరుగుమీద బడి నడిపిరి. ఆ మాట మా యింట గర్వముతో చెప్పుకొందురు. నేనును చాలకాలము అట్లే చెప్పుకొంటిని. ఆ యరుగుమీదికి మాలపల్లె నుండి గాని మాదిగపల్లె నుండి గాని ఒక్క బిడ్డయు నెక్కలేదన్న సంగతి మావారెవ్వరును చెప్పలేదు. అడుగవలెనని నాకును తోచలేదు. నేను బడిపంతులనై, హాజరుపట్టీలో పేర్లు వ్రాయ మొదలుపెట్టిన తరువాత గదా ఆ లోటు నా కంటబడినది! మన్రోగారి లెక్కలోని 574 బడులను దలచుకొన్నప్పుడెల్ల నాకు ముందు ఆ యరుగు జ్ఞాపకము వచ్చును.

1832వ సంవత్సరమున, అనగా నందననామ సంవత్సరమున, గుంటూరు మండలమున ఘోరమైన కరవు వచ్చెను. అయిదు లక్షల జనులలో రెండు లక్షల వరకు చచ్చిరని చరిత్రకారులు వ్రాసినారు. తినుటకు గింజ లేని యూళ్ళలో పంతులునకు గింజ పెట్టువా రెవ్వరు? ఆ కరవు గడచిన పదేండ్లకు, 1842 జూలై 31వ తేదీన, హేయరు అను లూథరను పాదిరి గుంటూరు చేరెను. ఈయన జర్మనీలో 1793లో పుట్టి, బాల్యముననే అమెరికా చేరినవాడు. భార్య గతించినది. 1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడ యెక్కి, సింహళము, తిరునెల్వేలి, మద్రాసు మీదుగా తొమ్మిది నెలలకు పైగా ప్రయాణము చేసి వచ్చెను. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయనకు ఆశ్రయమిచ్చి, తన సొంత ద్రవ్యముతో సాయపడెను. ఆ ప్రోద్బలముతోనే బడులు మొదలయినవి. ఆడపిల్లలకును బడి పెట్టిరి. ఆ మాట విని నాటి గుంటూరు పెద్దలు ముక్కుమీద వ్రేలు వేసుకొని యుందురు.

హేయరు ఒంటరివాడు. కుటుంబముతో వచ్చినవారు వాల్టరు గన్, ఆయన భార్య లోరెనా. వారు 1844లో వచ్చిరి. ఏడేండ్లు పనిచేసి, 1851 జూలైలో గన్ క్షయవ్యాధిచే మరణించెను. ఆయనను గుంటూరుననే పూడ్చిరి. అప్పటి కాయనకు నలుబదియేండ్లు నిండలేదు. ఆ యిల్లాలికి ఈ దేశమున మిగిలినది బడియును, భర్త సమాధియును.

హేయరు నడుమ నొకసారి స్వదేశమునకు పోయి, యేబదియేండ్లు దాటిన వయసున వైద్యము చదివి, 1848లో తిరిగి వచ్చి, మరుసటి యేడు గురజాల చేరి పలనాటిలో పనిచేసెను. 1857లో వెడలిపోయెను. రాజమహేంద్రవరపు మిషనును ఇతరుల కప్పగింపవలెనని 1869లో అమెరికాలో పెద్దలు సభ చేసినప్పుడు, ఈ వృద్ధుడు ప్రయాణపుసంచి చేత పట్టుకొని సభలోనికి వచ్చి, నేను పోవుటకు సిద్ధముగా నున్నానని నిలిచెనట. అప్పటి కాయనకు డెబ్బదియారేండ్లు. అన్నట్లే వచ్చెను గూడ. మొండితనమున మన పలనాటివారికి ఆయన తీసిపోడు.

ఇక 1858లో వచ్చిన అనాంగ్స్టు దంపతుల కాలమునకు వత్తము. వారు వచ్చిన మూడేండ్లకే అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము పుట్టెను. 1861 నుండి 1865 వరకు సాగిన ఆ యుద్ధము చేసిన విచిత్రమును వినుడు. దక్షిణ రాష్ట్రముల పత్తి ఇంగ్లండునకు పోకుండ రేవులు మూతబడెను. లాంకషైరు మిల్లులకు పత్తి లేక, వర్తకులు మన దేశపు పత్తికై యెగబడిరి. మన నల్లరేగడి చేలలోని పత్తికి ఎన్నడును లేని ధర పలికెను. రైతుల చేతులలో రూపాయి లాడినవి. ఆ యుద్ధమే అదే సమయమున గుంటూరు బడుల పెట్టెను ఖాళీ చేసెను. ఇచ్చట పైకము పంపు సంఘములవారి కుమారులు అచ్చట యుద్ధభూమిలో నుండిరి, చందాలు తగ్గినవి, మారకపు ధర ప్రతికూలమయ్యెను. అనగా ఒకే యుద్ధమువలన ఊరి రైతు నిండెను, ఊరి చివర బడి యెండెను. ఆ నిండిన చేతులలో నుండి బడికి వచ్చిన దెంత? రైతులను నేను నిందింపను. అది తమ బడియని వారి కెవ్వరును చెప్పలేదు. తమదని వారును అనుకొనలేదు. యుద్ధము ముగిసినది, పత్తి ధర దిగినది, చాలమంది రైతులు అప్పులపాలైరి. అది వేరు కథ.

1866లో లాంగు అను సహచర పాదిరి మశూచికముచే మరణించెను. ఆయన బిడ్డలిద్దరును ఆ వ్యాధికే బలియైరి. ఆ పిమ్మట మూడేండ్ల వరకు గుంటూరు మొదలు గోదావరి దాక ఆ మిషను భారమంతయు అనాంగ్స్టు ఒక్కని తలమీద బడెను. ఒక మనిషి యిన్ని యూళ్ళ బడులలో నిత్యము కూర్చుండజాలడు గదా. మరి వానిలో కూర్చుండిన వారెవ్వరు? ఈ ప్రశ్నను కొంచెము నిలుపుడు, మరల వత్తును.

1874లో ఆడం రో అను నాతడు భార్యతో గుంటూరు వచ్చెను. ఈయన తన దేశమున బడుల పర్యవేక్షణ చేసినవాడు. ఈయన జీతమునకు ఏర్పాటు చిత్రమైనది. పెద్దల సంఘములలో పైకము చాలక, ఆదివారపు బడులకు వచ్చు అమెరికా పిల్లలే చిన్నచిన్న నాణెములు కూడబెట్టి ఈ కుటుంబమును పంపిరి. అందుచేత ఈయనకు ‘పిల్లల పాదిరి’ అని పేరు. పెన్సిల్వేనియాలో నొక పిల్లవాడు మిఠాయి మానుకొని దాచిన కాసు, మన పల్లెలో నొక పిల్లవానికి పలక యయ్యెనన్న మాట. రో ఎనిమిదేండ్లలో, 1882లో, సన్నిపాతజ్వరముచే గుంటూరులో మరణించెను. ఆ 1874లోనే ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు బాలికల పాఠశాల పెట్టిరి. రెండు పనులును ఒకే యేట మొదలగుట కాకతాళీయమే కావచ్చును, అయినను నాకు ముచ్చటగా నుండును.

1876 మొదలు 1878 వరకు ధాత, ఈశ్వర సంవత్సరముల కరవు వచ్చెను. మనకు దక్షిణమున ఒంగోలులో బాప్టిస్టు పాదిరి క్లౌ, కరవుపనిగా బకింగుహాము కాలువలో నొక భాగమును కంట్రాక్టు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి కూలి యిప్పించెను. కరవు తరువాత మాదిగలు, మాలలు వేలకొలదిగా క్రైస్తవులైరి. వారు పాదిరులను మొట్టమొదట అడిగినది పంతులును. మా పల్లెకొక పంతులు నంపుడనిరి.

ఆ పంతులు ఎట్టివాడు? గుంటూరులోనో ఒంగోలులోనో నాలుగైదేండ్లు చదివిన పిల్లవాడు. సాధారణముగ ఆ కులములవాడే. నెలకు కొలది రూపాయిల జీతము. చాలని దానికి పల్లెవారు జొన్నలో, వరిగలో కొలిచి యిచ్చెడివారు. బడి తాటాకుపాక. పగలు పిల్లలు పసుల వెంట పోవుదురు, కలుపుకు పోవుదురు. కనుక చాల చోట్ల దీపము వెలిగించిన తరువాతనే బడి. ఆముదపు దీపము చుట్టును కూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్దుట. 1868 నుండి సర్కారువారు పరీక్షాఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చుపద్ధతి పెట్టిరి. తనిఖీదారుడు వచ్చి పిల్లలను చదివించి చూచును. తప్పిన పిల్లవానికి గ్రాంటు లేదు. తనిఖీనాడు ఒక పిల్లవాడు ఆసామి గొడ్లను వదలి రాలేకపోయెనా, పంతులు లెక్కలో ఆ మేరకు కోత. కొన్ని యూళ్ళలో పాక వేసికొన నియ్యలేదు, బావినీరు ముట్టనియ్యలేదు. పంతులు భార్య ఆడపిల్లలకు చదువు చెప్పవలెను, పల్లెలో జబ్బులకు మందులిచ్చి చూడవలెను. పాదిరిదొర యేటికి ఒకటి రెండుసార్లు డేరాతో వచ్చి పోవును. తక్కిన దినములన్నియు బడి యనగా ఈ దంపతులే.

ఇందాక నిలుపుమన్న ప్రశ్న కిదియే జవాబు. పైకము రాని యేడు పిల్లలను వదలని వాడు ఈ పంతులు. వానిని వదలనిది పల్లెవారి కుంచెడు జొన్న. అమెరికాకు పోయిన నివేదికలలో దొరల పేర్లున్నవి. ఇట్టివారు చాలమంది ‘దేశీయ సహాయకులు’ అను లెక్కలోనే కలిసిపోయిరి.

మతము మాట యెత్తక తప్పదు. ఆ బడులు మతమునకై పెట్టినవే. అక్షరముతో పాటు బైబిలు చదివించిరి. మన పురాణములను చులుకన చేసి మాటలాడిన పాదిరులును గలరు. అది చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమనును. అయినను వారి బడిలో మతము చేరినదని నేననునపుడు, మా ముత్తాతగారి యరుగుమీద కులము చేరియుండినదని అవతలివాడు అనును. ఇద్దరమును నిజమే చెప్పుచున్నాము. మరియొక ముచ్చట: గుంటూరు మిషను ఉన్నతపాఠశాల, ఊల్ అను పాదిరి కృషివలన పెరిగి 1885లో కళాశాల యయ్యెను. అదియే ఆంధ్ర క్రైస్తవ కళాశాల. మిషనువారిని తిట్టుచునే మన పెద్దకులములవారు కొడుకులను అచ్చటికి పంపిరి. కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణగారును అందు ఉపన్యాసకులుగా నుండిరి.

ఆ పేరులేని పంతుళ్ళ నడుమ పేరు నిలిచిన వాడొకడు గలడు. వినుకొండలో 1895 సెప్టెంబరు 28న జన్మించిన గుఱ్ఱము జాషువ. గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున ఆయన ఉపాధ్యాయుడుగా నుండెను. పల్లెబడులకు పంతుళ్ళను తయారుచేయు బడి యది. హిందూ పురాణములపై పద్యములు చెప్పుచున్నాడని క్రైస్తవులు గోల చేసిరి. అంటరాని కులమువాడు పద్యము చెప్పుటేమని మనవారు గోల చేసిరి. 1941లో ‘గబ్బిలము’ వచ్చెను. పంక్తిలో మాకు దూరముగా కూర్చుండవలసిన వాడు పద్యమున మమ్ము మించిపోయెనని మా తాతగారు అనగా విన్న జ్ఞాపకము. ఆ మాటలో మెప్పెంతయో, నొప్పెంతయో నాకిప్పటికిని తెలియదు.

మనవారును ఊరకుండలేదు. సత్తెనపల్లి తాలూకా వేములూరిపాడున పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారును, లక్ష్మీబాయమ్మగారును 1922లో గుంటూరున శారదానికేతనము స్థాపించి ఆడపిల్లలకు చదువు చెప్పించిరి. అదియు నొక కుటుంబము నడిపిన ధర్మపాఠశాలయే. ‘మాలపల్లి’ నవల అచ్చయినదియు ఆ యేడే; ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆయనకు అరుగు సంగతి తెలియును.

ఇటీవల అమెరికాలో నున్న నా పూర్వశిష్యుడొకడు, తానును భార్యయు కలసి తమ యూర ధర్మపాఠశాల పెట్టదలచితిమని నాకు జాబు వ్రాసెను. భవనము పటము, గదుల కొలతలు, కంప్యూటర్ల లెక్క అన్నియు జతచేసినాడు. నేను తిరిగి వ్రాసినది ఒక్కటే: పంతులు ఎవరు, నెలకెంత ఇత్తువు, నీకు అక్కడ ఉద్యోగము పోయిన యేడు ఆ జీతము ఎవరిత్తురు అని. పదిదినములు జవాబు లేదు. తరువాత నొక రాత్రి ఫోనులో, “మాస్టారూ, ఆ సంగతి మేమాలోచింపలేదండీ. భవనము తరువాత చూతము. మనిషిని మీరే చూచిపెట్టండి” అనెను.

వాని యూరి పల్లెలో, చర్చి వెనుకవీధిలో, ఉపాధ్యాయ శిక్షణ ముగించి ఉద్యోగము లేక, మా పేట నూలుమిల్లునకు పనికి పోవుచున్న అమ్మాయి యొకతె యున్నది. నా దగ్గర ఎనిమిదవ తరగతి చదివినది. ఆమె ముత్తాత ఆముదపు దీపము క్రింద చదువు చెప్పిన పంతుళ్ళలో నొకడని ఆమె తండ్రి చెప్పగా వింటిని. వచ్చే ఆదివారము వారు ప్రార్థన ముగించుకొని యిల్లు చేరిన తరువాత పోయి అడిగి వత్తునని శిష్యునితో జెప్పితిని.