ఫోము కవచం, బాలచంద్రుడి కవచం

మొన్న ఆఫీసు ఫంక్షన్ కోసం ఈవీఏ ఫోము కోసి, హీట్‌గన్‌తో వంచి ఐరన్ మ్యాన్ కవచం చేశా. ఫొటో చూసి మాచర్లలో తాతయ్య "మన బాలచంద్రుడిది చెయ్యలేకపోయావురా?" అన్నాడు.

నిజమే కదా అని వెతికితే చిక్కొచ్చిపడింది. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంలో జరిగింది. శ్రీనాథుడి పేరున ఉన్న వీరచరిత్ర రెండొందల ఏళ్ళు దాటాక వచ్చింది. మరి మన కళ్ళలో ఉన్న వేషం? 1947 సినిమాలో అక్కినేనిది! కారంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే అయిదురోజుల ఉత్సవాల్లో చూద్దామన్నా, అక్కడ పూజలందుకునేవి వీరుల ఆయుధాలు. కవచమైతే నాకెక్కడా కనబడలేదు.

సినిమా వేషం చేస్తే తాతయ్య సంతోషిస్తాడు, నాకే మనసొప్పట్లేదు. ఛాతీముక్క కోసి పక్కన పెట్టా, ఇంకా రంగెయ్యలేదు.