చంపురూ

జపాన్‌లోని ఒకినావాలో కాకరకాయ, టోఫు, గుడ్డు కలిపి వేయించే కూరను గోయా చంపురూ అంటారు. చంపురూ అంటే కలగలుపు. మలయ్ భాషలో 'చంపుర్' అన్నా అదే అర్థం. మన కలగూరగంపకు దూరపు చుట్టమనుకోవచ్చు.

2004లో దర్శకుడు షినిచిరో వతనబే ఈ మాటనే తన అనిమేకు (జపాన్ యానిమేషన్ సిరీస్‌కు) పేరుగా తీసుకున్నాడు: 'సమురాయ్ చాంప్లూ'. జపాన్ 'ఎదో' యుగపు కత్తివీరుల కథకు హిప్‌హాప్ సంగీతం! పేరు ఊరికే పెట్టింది కాదు. కథలోని ముగెన్ ర్యూక్యూ దీవులవాడు, అంటే ఒకినావా మనిషే. బ్రేక్‌డాన్స్ చేస్తున్నట్టు ఒళ్లు తిప్పుతూ కత్తి దూస్తాడు. బీట్లు కట్టినవాళ్లలో ఒకరు నుజాబెస్. సెబా జున్ అన్న తన పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో తిరగరాస్తే వచ్చిన పేరది. 2010లో పోయాడు. ఆయన సంగీతం కోసమే ఈ అనిమే చూసినా నష్టం లేదు.

ఇలాంటి కలగలుపు మన భాషలోనూ ఉంది. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలోని రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. అక్కడి తెలుగులో మరాఠీ కలిస్తే కొందరు మూతి విరుస్తారు. నేనైతే దాన్నీ చంపురూ అనే అంటాను.

మళ్లీ అనిమేకు వస్తే, 2007లో హిప్‌హాప్ బృందం ఊ-టాంగ్ క్లాన్‌కు చెందిన ఆర్‌జడ్‌ఏ 'ఆఫ్రో సమురాయ్' అనే మరో అనిమేకు సంగీతం ఇచ్చాడు. అందులో కలగలుపు పేరులోనే ఉంది.